నాక్ కోడ్ పడితే ముందు చూడాల్సింది ఏమిటి? (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. ఈ పూట నాక్ సెన్సర్ కోడ్‌ల సంగతి మాట్లాడుకుందాం. పి0324 నుంచి పి0334 దాకా ఉన్నవి. ముందు ఒక ప్రశ్న. బండి వచ్చింది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, స్కానర్ తగిలిస్తే పి0325 చూపించింది. ఇప్పుడు చెప్పండి, ఆ ఇంజిన్లో నాకింగ్, అంటే సిలిండర్లో మిశ్రమం తనంతట తానే అంటుకుని చప్పుడు చేయడం, ఉన్నట్టా, లేనట్టా?

కొందరు ఉందంటున్నారు, కొందరు లేదంటున్నారు. ఈ కోడ్ ఒక్కటే చూసి ఆ మాట చెప్పలేమండీ. నాక్ సెన్సర్ ఈసీయూకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కు, చెవి లాంటిది. పి0325, దాని చుట్టుపక్కల కోడ్‌లు ఆ చెవి బాగాలేదని చెబుతాయి. అంతవరకే. ఇంజిన్ గట్టిగా నాక్ అవుతున్నా ఒక్క కోడూ పడకపోవచ్చు. చెవి బాగుంది, ఈసీయూ వింటోంది, స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతోంది, ఇక కోడ్ ఎందుకు పడుతుంది? పి0327 పడిన ఇంజిన్లో నాకింగ్ అసలే లేకపోవచ్చు, వైరు నలిగి బాడీకి తగులుతూ ఉండొచ్చు. సర్క్యూట్ ఫిర్యాదు వేరు, నాకింగ్ ఫిర్యాదు వేరు. ఈ తేడా పట్టుకోకుండా సెన్సర్ మార్చి పంపిస్తే ఆ బండి మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

అసలు నాక్ అంటే ఏం జరుగుతోందో ఒక్కసారి చూద్దాం, తర్వాత చేసే టెస్టులన్నీ దీని మీదే నిలబడతాయి. ప్లగ్గు స్పార్క్ ఇచ్చింది, మంట మొదలై సిలిండర్ అంతా పాకుతోంది. మంట ఇంకా చేరని మూలన మిగిలిన మిశ్రమం ఉంటుంది చూడండి, అది ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. అప్పుడు పుట్టిన ఒత్తిడి అలలు సిలిండర్ గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటాయి. ఆ కొట్టుకోవడానికి ఒక ఫ్రీక్వెన్సీ ఉంటుంది, అది బోరు సైజును బట్టి మారుతుంది. 86 మిల్లీమీటర్ల బోరుకు సుమారు 6 నుంచి 7 కిలోహెర్ట్జ్. బోరు పెద్దదైతే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, చిన్నదైతే పెరుగుతుంది.

సెన్సర్ లోపల ఉండేది పీజో సెరామిక్. బ్లాకు అదిరితే ఆ సెరామిక్ నలుగుతుంది, నలిగినప్పుడల్లా చిన్న వోల్టేజ్ పుడుతుంది. ఈసీయూ దాన్ని ఎప్పుడూ వింటూ కూర్చోదు. ఒక్కో సిలిండర్‌కు టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు) దాటాక, స్థూలంగా 10 నుంచి 70 డిగ్రీల లోపు ఒక కిటికీ తెరుస్తుంది, ఆ కాసేపే వింటుంది. విన్నదాన్ని మామూలుగా ఉండే ఇంజిన్ చప్పుడుతో పోల్చుకుంటుంది. ఎక్కువ అనిపిస్తే టైమింగ్ ఒకటి నుంచి మూడు డిగ్రీలు వెనక్కి లాగి, తర్వాత మెల్లగా ముందుకు తెస్తుంది. ఆ మామూలు చప్పుడు సంగతి గుర్తుపెట్టుకోండి. ఇంజిన్ 2,000, 3,000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే నాక్ లేకపోయినా సెన్సర్‌కు ఎంతో కొంత చప్పుడు వినపడాలి. అదీ వినపడకపోతే ఈసీయూకు అనుమానం వస్తుంది. చాలా బండ్లలో పి0326 పడే దారి ఇదే.

కోడ్‌ల పేర్లు గబగబా చెప్పేస్తాను. పి0325 అంటే సెన్సర్ 1 సర్క్యూట్. పి0326 అంటే సిగ్నల్ వస్తోంది కానీ ఉండాల్సిన పరిధిలో లేదు. పి0327 సిగ్నల్ తక్కువ, పి0328 ఎక్కువ, పి0329 వచ్చి పోతోంది. పి0330 నుంచి పి0334 దాకా ఇవే, కాకపోతే సెన్సర్ 2కి. పి0324 మాత్రం మొత్తం నాక్ కంట్రోల్ వ్యవస్థలో తప్పు అని, ఈసీయూ లోపలి సర్క్యూట్ మీద కూడా అనుమానం పెట్టుకోవాల్సిన కోడ్. వీ ఇంజిన్లలో బ్యాంక్ 1 ఏదంటే ఒకటో నంబరు సిలిండర్ ఉన్న వైపు. ఎడమా కుడీ అని ఊహించకండి, మాన్యువల్ చూసుకోండి. మంచి సెన్సర్ ఊడదీసి చెడ్డదాన్ని వదిలేయడం ఇక్కడే జరుగుతుంది.

ఈ కోడ్ పడ్డాక ఈసీయూ ఏం చేస్తుంది? చెవి పోయింది కాబట్టి ఏ ప్రమాదమూ రాకుండా టైమింగ్ బాగా వెనక్కి పెట్టేస్తుంది. అందుకే కస్టమర్ పికప్ లేదంటాడు, మైలేజ్ పడిపోయిందంటాడు. టైమింగ్ వెనక్కి పోతే ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది, అలాగే చాలాకాలం నడిపితే క్యాటలిటిక్ కన్వర్టర్‌కూ మంచిది కాదు. లైటు ఒక్కటే కదా, బండి నడుస్తోంది కదా అని కస్టమర్ అంటే ఈ మాట ఆయనకు చెప్పండి.

సెన్సర్ విప్పక ముందు

స్పానర్ పట్టుకోకముందు ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే కోడ్ పడిన క్షణాన ఈసీయూ దాచుకున్న డేటా, చూడండి. కోడ్ పడినప్పుడు ఆర్‌పీఎం ఎంత, లోడ్ ఎంత, కూలెంట్ వేడి ఎంత? కీ ఆన్ చేసిన వెంటనే, ఇంజిన్ స్టార్ట్ కాకముందే పడితే అది నూటికి తొంభై పాళ్లు ఎలక్ట్రికల్. 3,000 ఆర్‌పీఎంలో లోడ్ మీద పడితే బిగింపు, సెన్సర్ సున్నితత్వం, ఇంజిన్ చప్పుడు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఇంజిన్ వేడెక్కాకే పడుతుంటే కనెక్టర్లోనో సెన్సర్ లోపలో వేడికి విడిపోతున్నదేదో ఉంది.

తర్వాత వైరింగ్. చాలా టయోటా బండ్లలో, ఇంకొన్నింటిలోనూ ఈసీయూ ఈ సెన్సర్‌కు 5 వోల్టులు పంపిస్తుంది. సెన్సర్ లోపల సుమారు 200 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది, ఈసీయూలోనూ దాదాపు అంతే. అందుకని రెండూ కలిసి ఉన్నప్పుడు లైను మీద 2.5 వోల్టుల దగ్గర నిలబడుతుంది. ఇప్పుడు మీరే చెప్పండి, వైరు తెగితే ఎంత చూపిస్తుంది? 5. వైరు బాడీకి తగిలితే? సున్నా. ఈ రకంలో 4.5 దాటితే పి0328, 0.5 కన్నా తగ్గితే పి0327. చూడండి, కోడ్ నంబరే తెగిందో తగిలిందో చెప్పేస్తోంది!

దీన్నే టెస్టుగా వాడుకోవచ్చు. వైరింగ్ డయాగ్రమ్ చూసి ఇది ఈసీయూ 5 వోల్టులు పంపే (బయాస్ ఉన్న) రకమేనని ఖాయం చేసుకున్నాక, కీ ఆఫ్ చేసి సెన్సర్ కనెక్టర్ తీయండి. కీ ఆన్ చేసి హార్నెస్ (వైర్ల కట్ట) వైపు రెండు పిన్నుల మధ్య వోల్టేజ్ కొలవండి. 4.5 నుంచి 5.5 వస్తే ఈసీయూ నుంచి ఇక్కడిదాకా దారి బాగుంది. తర్వాత ఆ రెండు పిన్నులనూ చిన్న జంపర్‌తో కలపండి. పి0328 ఉన్నది పి0327కి మారిందా? మారితే ఈసీయూ చూడగలుగుతోంది, వైరూ బాగుంది, ఇక మిగిలింది సెన్సరు, దాని కనెక్టరు. మారకపోతే సెన్సర్ జోలికి పోకండి, హార్నెస్ వెంట వెనక్కి నడవండి. అన్ని బండ్లూ ఈ బయాస్ ఇవ్వవు, అందుకే డయాగ్రమ్ ముందు అంటున్నాను.

ఇక ఓమ్ మీటర్. దీని దగ్గర జరిగే పొరపాట్లు చాలా ఎక్కువ, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. పైన చెప్పిన రకంలో చల్లగా, 20 డిగ్రీల దగ్గర, 120 నుంచి 280 కిలో ఓమ్‌లు రావాలి. ఇంకొన్ని కంపెనీల సెన్సర్లలో 500, 600 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది. ఇంకొన్నింటిలో ఒక మెగా ఓమ్ దాటి, దాదాపు 5 మెగా ఓమ్‌ల దాకా ఉంటుంది. ఒక బండి నంబరు ఇంకో బండికి పనికిరాదు. మీటరు 2 మెగా రేంజిలో పెట్టి ఓపెన్ చూపిస్తోందని 5 మెగా ఓమ్‌ల మంచి సెన్సర్ పారేసేవాళ్లున్నారు. 20 మెగా రేంజి పెట్టండి.

ఇంకొకటి. ప్రోబులు రెండూ రెండు చేతులతో పిన్నులకు అదిమి పట్టుకుంటాం కదా, అప్పుడు మన ఒళ్లు కూడా సర్క్యూట్లో కలుస్తుంది. చెమట చేతులైతే మన ఒంటి రెసిస్టెన్స్ కొన్ని వందల కిలో ఓమ్‌లే ఉండొచ్చు. 200 ఉన్నది 130 చూపిస్తుంది, 5 మెగా ఉన్నది అరమెగా చూపిస్తుంది. క్లిప్పులు తగిలించి చేతులు తీసేసి అప్పుడు చదవండి. మామూలు సెన్సర్లకు పట్టింపు లేని ఈ సంగతి ఇక్కడ చాలా పెద్దది. ఇదే కారణంతో కనెక్టర్లో పట్టిన కాస్త చెమ్మ కూడా సిగ్నల్‌ను తినేస్తుంది. పచ్చగా తుప్పు పట్టిన పిన్ను కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, మళ్లీ కొలవండి.

సరే, ఓమ్‌లు సరిగ్గా వచ్చాయి. సెన్సర్ మంచిదేనా? కాకపోవచ్చు. మీరు కొలిచింది లోపలి రెసిస్టర్‌ను. పక్కనే ఉన్న సెరామిక్ పగిలి ఉన్నా ఆ రెసిస్టర్ తన నంబరు తాను చూపిస్తూనే ఉంటుంది. రెసిస్టెన్స్ తప్పుగా వస్తే సెన్సర్ పోయినట్టు, సరిగ్గా వస్తే ఇంకా ఏమీ తేలనట్టు. కింద పడిన సెన్సర్‌ను మళ్లీ బిగించవద్దనేది కూడా ఇందుకే. పైకి గీత కూడా కనపడదు, లోపల సెరామిక్ చిట్లి ఉంటుంది.

సెరామిక్ బతికుందో లేదో చెప్పేది స్కోప్, అంటే వోల్టేజ్ అలను తెర మీద గీసి చూపే ఆసిల్లోస్కోప్. ఏసీ కప్లింగ్, డివిజన్‌కు 200 మిల్లీవోల్టులు, 1 మిల్లీసెకను, ఇలా పెట్టుకుని మొదలెట్టండి. సెన్సర్ పక్కన బ్లాకు మీద చిన్న ఇనుప కడ్డీతో కొట్టండి, సెన్సర్ మీద మాత్రం కొట్టకండి. ఒక్కసారిగా పైకి లేచి, ఊగుతూ ఊగుతూ చిన్నదయ్యే అల రావాలి. రెండు సెన్సర్లున్న ఇంజిన్ అయితే రెండోదాన్నీ అంతే దూరంలో, అంతే బలంతో కొట్టి పోల్చండి. ఒకటి 400 మిల్లీవోల్టులు చూపిస్తూ ఇంకొకటి 40 చూపిస్తే ఇంకేం కావాలి? మల్టీమీటర్ ఏసీ రేంజిలో పెట్టి ఇది చూడొచ్చు కదా అంటారు. మామూలు మీటర్లు ఇంత ఎక్కువ ఫ్రీక్వెన్సీని సరిగ్గా కొలవలేవు, పైగా ఆ అల కనురెప్ప పాటులో పోతుంది. మీటరులో ఏమీ రాలేదని సెన్సర్‌ను చెడ్డది అనకండి.

సుత్తితో బ్లాకు తట్టి స్కానర్లో టైమింగ్ తగ్గుతోందా లేదా చూసే పాత పద్ధతి ఉంది. తగ్గితే మంచిదే, సెన్సర్ వింటోంది. తగ్గకపోతే మాత్రం తీర్పు చెప్పకండి. చాలా ఈసీయూలు ఐడిల్‌లో నాక్ పట్టించుకోవు, మీరు కొట్టిన దెబ్బ ఆ కిటికీ తెరిచిన క్షణంలో పడి ఉండకపోవచ్చు కూడా.

బిగింపు

ఇప్పుడు బోల్టు. ఇది చిన్న విషయంలా ఉంటుంది, పి0326లో సగం కథ ఇదే. మధ్యలో రంధ్రం ఉండి బోల్టు దూర్చే రకం సెన్సర్‌కు సాధారణంగా 8 మిల్లీమీటర్ల బోల్టు, 20 న్యూటన్ మీటర్ల టార్క్. మీ బండి మాన్యువల్లో ఇంకొకటి ఉంటే అదే పాటించండి. వదులైతే అదురు సరిగ్గా అందదు, సిగ్నల్ పలచబడుతుంది. మరీ బిగిస్తే సెరామిక్ మీద ఒత్తిడి మారి సున్నితత్వం మారిపోతుంది, పగిలిపోవచ్చు కూడా. చేతి అందాజు ఇక్కడ పనికిరాదు, టార్క్ రెంచే వాడండి.

ఒక్కోసారి టార్క్ రెంచ్ క్లిక్ అన్నా సెన్సర్ వదులుగానే ఉంటుంది. ఎలాగంటారా? బోల్టు రంధ్రంలో నూనో కూలెంటో మట్టో చేరి ఉంటుంది, లేదా పాత బోల్టు పోయి రెండు మరలు పొడవున్నది ఎవరో పెట్టి ఉంటారు. బోల్టు మొన వెళ్లి అడుగున తగులుతుంది, టార్క్ అంతా అక్కడే అయిపోతుంది, తల మాత్రం సెన్సర్‌ను నొక్కదు. బిగించాక సెన్సర్‌ను వేళ్లతో తిప్పి చూడండి, కదిలితే ఇదే. రంధ్రం గాలి కొట్టి శుభ్రం చేయండి, సరైన పొడవు బోల్టే పెట్టండి. సెన్సర్ కింద వాషర్ వేయకూడదు, స్ప్రింగ్ వాషర్ అసలే వద్దు. సెన్సర్ కూర్చునే చోట పెయింటు, తుప్పు, పాత గాస్కెట్ ముక్క ఏమీ లేకుండా లోహం కనపడాలి. ఒకే వైరుండి మరలతో బిగించే పాత రకంలో సెన్సర్ ఒళ్లే ఎర్త్, అందుకని మరలకు టెఫ్లాన్ టేపు చుట్టకండి.

సెన్సర్ వైరుకు షీల్డ్ ఉంటుంది, దాన్ని ఈసీయూ వైపే ఎర్త్ చేస్తారు. తెగిన వైరు అతికించేటప్పుడు షీల్డ్ వదిలేసి పైన టేపు చుట్టేస్తే, పక్కనున్న ఇగ్నిషన్ కాయిల్ చప్పుడంతా ఈ లైనులోకి దూరుతుంది. ఈసీయూ దాన్ని నాక్ అనుకుంటుంది. షీల్డ్‌ను కూడా కలపండి, వైరును కాయిల్స్‌కూ ఆల్టర్నేటర్‌కూ దూరంగా పాత దారిలోనే పోనివ్వండి. చాలా వీ ఇంజిన్లలో సెన్సర్లు ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద లోయలో ఉంటాయి, అక్కడ నీళ్లు చేరతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. అలాంటి చోట మానిఫోల్డ్ ఎలాగూ ఊడదీశారు కదా, రెండు సెన్సర్లూ, ఆ చిన్న హార్నెస్సూ ఒకేసారి మార్చండి. ఒక్కటే మార్చి మూసేస్తే మళ్లీ అంత పనీ చేయాలి.

ఇంజిన్లోనే నాక్ ఉంటే

ఇప్పటిదాకా చెవి సంగతి. చెవి బాగానే ఉండి ఇంజిన్ నిజంగానే చప్పుడు చేస్తుంటే? బండి తీసుకుని రోడ్డు మీదికి వెళ్లి డేటా రికార్డ్ చేయండి. నాలుగో గేరులో 1,500 నుంచి మొదలుపెట్టి 3,500 దాకా ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కుతూ లాగించండి. ఒకరు నడపాలి, ఇంకొకరు స్కానర్ చూడాలి. ఇగ్నిషన్ అడ్వాన్స్, నాక్ రిటార్డ్ (నాక్ విని టైమింగ్ ఎంత వెనక్కి లాగిందో), ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనాన్ని ఎంత పెంచిందో తగ్గించిందో), కూలెంట్ వేడి, లోపలికి పోయే గాలి వేడి, ఇవి చాలు.

నాక్ రిటార్డ్ ఒక్క సిలిండర్లోనే వస్తోందా? అయితే కారణం ఆ సిలిండర్లోనే ఉంది. ఇంజెక్టర్ సగం మూసుకుపోయి మిశ్రమం పలచబడిందేమో, ప్లగ్గు వదులుగా ఉండి వేడెక్కుతోందేమో, రింగుల గుండా నూనె వస్తోందేమో. అన్ని సిలిండర్లలోనూ వస్తోందా? అయితే పెట్రోలు ఆక్టేన్, కూలింగ్, గాలి వేడి, టైమింగ్ చైన్ పన్ను దాటడం, ఈజీఆర్ (ఎగ్జాస్ట్ పొగను కొంత ఇన్‌టేక్‌కు తిప్పే దారి) మూసుకుపోవడం, పీసీవీ (క్రాంక్‌కేసు ఆవిరి పోయే వాల్వు) గుండా నూనె ఇన్‌టేక్‌లోకి రావడం, పిస్టన్ల మీద కార్బన్, ఇటు వెళ్లండి. ఫ్యూయల్ ట్రిమ్ పాజిటివ్ వైపు 10, 15 శాతం ఉంటే నాకింగ్ తర్వాత, ముందు గాలి లీకో, ఎంఏఎఫ్ సెన్సరో (లోపలికి పోయే గాలిని కొలిచేది), ఫ్యూయల్ ప్రెషరో చూడండి. ఆక్టేన్ అనుమానముంటే ట్యాంకు ఖాళీ చేసి కంపెనీ చెప్పిన పెట్రోలు నింపి మళ్లీ నడపండి. ఈసీయూ నేర్చుకున్న విలువలు మెల్లగా మారతాయి, ఐదు నిమిషాల్లో తేడా రాలేదని వదిలేయకండి.

మరి న్యూట్రల్లో రేసు చేసినా రిటార్డ్ వస్తుంటే? లోడ్ లేనప్పుడు దహనపు నాక్ రావడం అరుదు. అప్పుడు వెతకాల్సింది వేరే చప్పుడు. ఎగ్జాస్ట్ మీది వదులైన హీట్ షీల్డ్, విరిగిన బ్రాకెట్, ట్యాపెట్లు, చైన్ టెన్షనర్, పిస్టన్ స్లాప్, ఆల్టర్నేటర్ బేరింగ్. లోడ్ ఎంత ఉన్నా సరిగ్గా ఒకే ఆర్‌పీఎం దగ్గర వస్తుంటే ఏదో బ్రాకెట్ అదురుతోందనుకోండి. స్టెతస్కోపు పెట్టి వెతకండి. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగినా ఈ సెన్సరే వింటుంది. హ్యుందాయ్, కియా కంపెనీలు తీటా 2 ఇంజిన్లలో ఈ పని కోసమే సాఫ్ట్‌వేర్ ఇచ్చాయి, ఆ చప్పుడు పట్టుకుంటే పి1326 పడి బండి లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించి నడిపే స్థితిలోకి) పోతుంది. ఆ కోడ్ చూసి సెన్సర్ మార్చడానికి పరుగెత్తకండి, ముందు బేరింగ్ చప్పుడు వినండి, నూనె ప్రెషర్ చూడండి.

ప్లగ్గులు విప్పితే తెల్లని పింగాణీ మీద మెరిసే చిన్న చిన్న అల్యూమినియం చుక్కలు ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. ఉంటే పిస్టన్ కరుగుతోంది. బోరోస్కోపు దించి పిస్టన్ అంచులు చూడండి, ఇసుకతో కొట్టినట్టు గుంతలు కనిపిస్తాయి. టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇంకో రకం ఉంది, తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లోడ్ పడినప్పుడు స్పార్క్ కంటే ముందే అంటుకోవడం. స్పార్క్ ఇంకా రాలేదు కాబట్టి టైమింగ్ వెనక్కి లాగి దీన్ని ఆపలేం. ఒక్క దెబ్బకే పిస్టన్ పగలగలదు. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ గ్రేడు నూనెలు దీన్ని తగ్గించడానికి కూడా పనికొస్తాయి. అలాంటి ఇంజిన్‌కు కంపెనీ చెప్పిన గ్రేడే పోయండి, పై గేరులో 1,300 ఆర్‌పీఎం దగ్గర ఫుల్‌గా తొక్కవద్దని కస్టమర్‌కు చెప్పండి.

వెనక నుంచి ఒకరు అడుగుతున్నారు, సెన్సర్ బదులు రెసిస్టర్ పెట్టేస్తే కోడ్ పోతుంది కదా అని. కొన్ని బండ్లలో పోతుంది. లైటు ఆరిపోతుంది, ఈసీయూ తనకు చెవి ఉందనుకుని టైమింగ్ ముందుకు పెడుతుంది. నిజంగా నాక్ వచ్చిన రోజున వినేవాళ్లెవరూ ఉండరు. పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగి ఇంజిన్ పాడైపోతుంది. దయచేసి ఆ పని చేయకండి, చేయమని కస్టమర్ అడిగినా చేయకండి.

రిపేరు అయ్యాక కోడ్ తుడిచేసి తాళాలు ఇచ్చేయకండి. చాలా బండ్లలో ఈ తప్పు రెండు ట్రిప్పుల్లో కనిపిస్తేనే లైటు వెలుగుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక లోడ్ మీద నడపండి, 2,000 దాటి కాసేపు నిలకడగా ఉంచండి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి ఇంకోసారి నడపండి. తర్వాత పెండింగ్ కోడ్‌లు చూడండి. పెండింగ్‌లో ఏమీ లేక, అడ్వాన్స్ లోడ్ మీద సరిగ్గా పైకి వస్తుంటే అప్పుడు బండి ఇవ్వండి.

ఇక బెంచి దగ్గరికి రండి. రెండు సెన్సర్లు బిగించి పెట్టాం, రెండింటిలోనూ ఓమ్‌లు సరిగ్గానే ఉన్నాయి, ఒకదాంట్లో సెరామిక్ పోయింది. ఏదో మీరే స్కోప్ పెట్టి చెప్పండి.